పాత బిల్డింగ్‌కి టోకెన్ ఇచ్చేముందు

డిసెంబరు సెలవులకు విదేశాల నుంచి వచ్చినవాళ్ల కోసం మన ప్రవాస తెలుగు సంఘం హైదరాబాద్‌లో బిజినెస్ మీట్ పెట్టింది. సేవా కార్యక్రమాలు వివరించడానికి పది నిమిషాలిచ్చి, ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటుకు గంటసేపు వేదిక అప్పగించారు. నల్లకుంట వైపు నాలుగంతస్తుల పాత బిల్డింగ్, ఎనిమిది పోర్షన్లు, ‘మీరేమీ చెయ్యక్కర్లేదు, నెలనెలా అకౌంట్లో అద్దె పడుతుంది’ అన్నాడాయన. భోజనాల గంట కొట్టేలోపే టోకెన్ అడ్వాన్సులు ఫోన్లలో వెళ్లిపోయాయి. మున్సిపాలిటీ అనుమతించిన శాంక్షన్ ప్లాన్ ఎన్ని అంతస్తులకుందని వెనక వరుసలోంచి ఒక పెద్దాయన అడిగితే, ‘అవన్నీ తర్వాత చూద్దాం బాబాయ్‌గారూ’ అంటూ మైకు పక్కకు జరిపేశారు. అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న అదే. దానికి జవాబు రాకుండానే మనవాళ్ల కష్టార్జితం చేతులు మారింది.

పాత బిల్డింగ్ కొనడం తప్పని నేననను. బర్కత్‌పుర, చిక్కడపల్లి, పద్మారావునగర్, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల బడి, ఆస్పత్రి, కూరగాయల బండి, బస్సు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. టు-లెట్ బోర్డు పెడితే అడిగేవాళ్లకు కొదవుండదు. కొత్త టవర్లో ఫ్లాటు కొంటే చేతికొచ్చే భూమి వాటా చాలా కొద్ది. ఇక్కడ ప్లాటంతా మీదే. కానీ పాడి గేదెను కొన్నవాడు గడ్డి ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. ఆ గంట ఉపన్యాసంలో గడ్డి మాటే రాలేదు.

లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు 240 గజాల్లో ఉన్న బిల్డింగ్ ధర 4 కోట్లు. ఎనిమిది పోర్షన్లు, ఒక్కోటి 18,000. ఏడాదికి 17.28 లక్షలు, అంటే 4.3 శాతం. ఏజెంటు అక్కడితో ఆపేస్తాడు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది 30 లక్షలు. ముప్పై ఏళ్ల బిల్డింగ్‌కి డాబా, పైపులు, వైరింగ్, పిల్లర్ల మరమ్మతు కింద 35 లక్షలైనా పక్కన పెట్టాలి. పెట్టుబడి 4.65 కోట్లయింది. అద్దెలోంచి ఏడాదికి ఒక నెల ఖాళీ కింద 1.44 లక్షలు, ఆస్తిపన్ను, మోటారు కరెంటు, ఊడ్చే మనిషి, వేసవి ట్యాంకర్లకు రెండున్నర లక్షలు, ఏటేటా వచ్చే మరమ్మతులకు రెండు లక్షలు, చూసుకునే మనిషికి 80 వేలు తీసేయండి. మిగిలేది పదిన్నర లక్షలు. పెట్టుబడి మీద రెండుంబావు శాతం, అదీ ఆదాయపు పన్ను కట్టకముందు. కాబట్టి మీరు కొంటున్నది ప్రధానంగా భూమి. బేరం కూడా భూమి ధర మీదే చెయ్యాలి, మరమ్మతు ఖర్చు అందులోంచి తగ్గించాలి.

భూమి కోసం కొంటున్నప్పుడు అక్కడ మళ్లీ ఎంత కట్టుకోవచ్చో ముందే తెలుసుకోవాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168, ఆ తర్వాత వచ్చిన సవరణల ప్రకారం ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, రోడ్డు వెడల్పు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇరుకు సందులో పాతరోజుల్లో లేచిన నాలుగంతస్తులు కూల్చేస్తే, అన్నీ మళ్లీ లేవకపోవచ్చు. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు కిందకు పోయే భాగం ఎంతో కూడా టౌన్ ప్లానింగ్ తెలిసినవాళ్లతో గీయించి చూడండి.

ఇక కాగితాలు. శాంక్షన్ ప్లాన్ తెప్పించి, టేపు పట్టుకుని అంతస్తు అంతస్తూ కొలవండి. రెండంతస్తులకు అనుమతి తీసుకుని మూడోది, దానిపైన పెంట్‌హౌస్ వేసుకున్న బిల్డింగులు నగరమంతా ఉన్నాయి. ఆ అంతస్తుకు పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు) నంబరుంది, ఆస్తిపన్ను కడుతున్నామని చూపిస్తారు. పన్ను కట్టినంత మాత్రాన అక్రమం సక్రమం కాదు. 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ (రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాలను సక్రమం చేసే పథకం) కింద క్రమబద్ధం అయిందంటే ప్రొసీడింగ్స్ కాపీ అడగండి. అలాంటిదే 2015లో వచ్చిన బీఆర్‌ఎస్ పథకం కింద దరఖాస్తు పెట్టామంటే అది దరఖాస్తు రసీదు, అంతే. అలాంటి అంతస్తు అద్దెను లెక్కలోంచి తీసేసి బేరమాడాలి.

ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. దానితోపాటు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) ఒరిజినల్స్ చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ సంగతి కచ్చితంగా తేల్చుకోవాలి. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్ల బఫర్ ఉంటుంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీతల విలువ అందరికీ తెలిసొచ్చింది. బిల్డింగ్ మొత్తం ఒకే పేరు మీద లేకుండా ఫ్లాట్లవారీగా రిజిస్టరై ఉంటే ఎనిమిది సేల్ డీడ్‌లలో రాసిన భూమి వాటాలు కూడండి. 240 గజాల ప్లాటులో కూడిక 215 దగ్గర ఆగితే, మిగతా 25 గజాలు పాత బిల్డర్ పేరుతోనో అతని వారసుల పేరుతోనో ఉన్నట్టు. పునర్నిర్మాణం రోజున వాళ్లొచ్చి కూర్చుంటారు.

అన్నిటికంటే ఎక్కువగా బెడిసికొట్టేది వారసుల సంతకం. తండ్రి సొంతంగా కొన్న ఆస్తికి వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి అందరూ సమాన వారసులు. ‘చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట మన ఇళ్లలో ఎంత సులువుగా వస్తుందో మనందరికీ తెలుసు. కట్నం ఇచ్చినందుకు వాటా పోదు. ఆ చెల్లెళ్లలో కొందరు ఈ పత్రిక చదువుతున్నవాళ్లే. డాలస్‌లో ఉన్న ఆడపడుచుకు తెలియకుండా నల్లకుంటలో ఇల్లు అమ్మడం అన్యాయం, తెలిసీ కొనడం అంతకంటే అన్యాయం. ఆమె అమ్మకం డీడ్‌లో సంతకమైనా పెట్టాలి, తన వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ అయినా ఇవ్వాలి. విదేశం నుంచి పవరాఫ్ అటార్నీ పంపితే, ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అమ్మకం మాత్రం జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద ముగించకండి. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

కాగితాలు సరిపోయాక బిల్డింగ్‌ని చదవాలి. అమ్మకానికి ముందు కొట్టిన కొత్త పుట్టీ, కొత్త రంగు కనిపిస్తే అక్కడే చూడండి. చిన్న సుత్తితో పిల్లర్‌ను, స్లాబ్ అడుగును తట్టుకుంటూ వెళ్తే బోలు శబ్దం వచ్చిన చోట ప్లాస్టర్ వెనకున్న కాంక్రీటు వదిలేసిందన్నమాట. పగుళ్లన్నీ ఒకటి కావు. పై అంతస్తులో గోడకూ స్లాబ్‌కూ మధ్య అడ్డంగా సాగే గీత సాధారణంగా ఎండకు స్లాబ్ వ్యాకోచించి వచ్చేది, అంత ప్రమాదం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకితే పునాది కుంగిందేమో చూడాలి. పిల్లర్ పొడవునా నిలువు పగులుంటే లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతోంది. ఆ కాలంలో చాలా ఇళ్లకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో చేత్తో కలిపిన కాంక్రీటే వేశారు. చువ్వను కప్పే కాంక్రీటు పొర అంగుళం కూడా లేని చోట్లు ఎన్నో. కాంక్రీటులో క్షారగుణం ఉన్నన్నాళ్లూ చువ్వకు రక్షణ ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ గుణాన్ని హరిస్తుంది. తాజాగా కొట్టి తెరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాని మేర చువ్వ దాకా వెళ్లిందంటే రక్షణ పోయినట్టే. అల్ట్రాసోనిక్ పరీక్షలో కాంక్రీటు గుండా తరంగం వేగం సెకనుకు మూడున్నర కిలోమీటర్లలోపు వస్తే ఆ పిల్లర్‌నో బీమునో అనుమానించి కోర్ (పరీక్షకు పంపే కాంక్రీటు ముక్క) తీయించాలి. ఈ పరీక్షలకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలెయ్యండి.

ముఖ్యంగా చూడాల్సింది గ్రౌండ్ ఫ్లోర్. సంపుకు ఆనుకున్న పిల్లర్ మొదలు, మోటారు గది, బాత్రూముల కింది స్లాబ్, ఇవే ముందు పాడవుతాయి. మేస్త్రి సిమెంటు పూసి వెళ్లిపోతే రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది. జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటు చువ్వ వెనకదాకా కొట్టి, తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, బాండింగ్ కోటు మీద పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో పోయాలి. గేటు దగ్గర రోడ్డు ఎత్తు కూడా చూడండి. మన నగరంలో రోడ్డు మీదే రోడ్డు వేస్తారు కనుక పాత ప్లాట్లు పల్లంలో పడిపోయాయి. 2020 అక్టోబరు వానలకు నీళ్లెంతవరకు వచ్చాయో ఎదురింటివాళ్లను అడగండి. జలమండలి నీటి కనెక్షన్ ఖాతా (క్యాన్) నంబరు మీద బకాయిలు, ఒక్కో పోర్షన్‌కు విడి కరెంటు మీటరు, శాంక్షన్డ్ లోడు, ఎర్తింగ్ వరసగా సరిచూసుకోండి. ఎయిర్ కండిషనర్లు లేని రోజుల వైరింగ్ మీద ఇప్పుడు ఎనిమిది ఏసీలు నడుస్తుంటాయి.

డబ్బు సంగతికొస్తే, మొత్తం ప్రవాసులకిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచో విదేశం నుంచి బ్యాంకు ద్వారానో రావాలి. ‘కొంత క్యాష్, కొంత వైట్’ పద్ధతి మన ఊళ్లో మామూలే అంటారు. ఆస్తి లావాదేవీలో 20,000, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీరు అమ్మేనాడు నగదుగా ఇచ్చిన సొమ్ము కొన్న ధరలో లెక్కకు రాదు, తిరిగి విదేశానికి పంపుకోవడానికీ రాదు. ఇంకొకటి వేదికల మీద ఎవరూ చెప్పరు. యజమాని ప్రవాసి అయితే అద్దె కట్టేవాళ్లు మామూలుగా 31.2 శాతం పన్ను (టీడీఎస్) అద్దెలోంచే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఎనిమిది కుటుంబాల చేత ఆ పని చేయించగలరా? తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తెచ్చుకోవడం మేలు.

‘మా బాబాయి చూసుకుంటాడు’ అనేది మన ప్రవాసుల ధీమా. బాబాయిల ప్రేమను తక్కువ చెయ్యను. కానీ డెబ్బై ఏళ్ల మనిషిని రాత్రి పదింటికి మోటారు కాలిపోయిందని లేపడం ప్రేమ కాదు. లెక్క అడిగితే నొచ్చుకుంటాడని అడగకుండా ఉండి, నాలుగేళ్లకు మాటలే మానేసిన కుటుంబాలు తక్కువేం కాదు. ఆయన చేస్తే ఆయనకే నెలకింత అని రాసి ఇవ్వండి. అద్దె, మరమ్మతులకు ప్రత్యేక ఖాతా పెట్టండి. అమ్మే అధికారం లేని, అద్దె వ్యవహారాలకే పరిమితమైన పవర్ ఇవ్వండి.

సంఘం కార్యవర్గానికి నా విన్నపం: స్పాన్సర్‌షిప్ తీసుకోండి, కానీ మన వేదిక మీద టోకెన్లు తీసుకోనివ్వకండి. అదే గంటలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును, రిజిస్ట్రేషన్ కాగితాలు తెలిసిన లాయరును, ఒక చార్టర్డ్ అకౌంటెంటును కూర్చోబెట్టి సభ్యులు తెచ్చిన కాగితాలు చూపించండి.

ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక మాట. ఆ ఎనిమిది పోర్షన్లలో పదేళ్లుగా ఉంటున్న రిటైర్డ్ టీచర్లు, కోచింగ్‌కి వచ్చిన పిల్లలు, కింద మడిగెలో కిరాణా నడిపేవాళ్లు ఉంటారు. మొదటి ఏడాది అద్దె పెంచకండి, ముందు పని చేయించండి. మార్చి నుంచి మే మధ్యలో డాబా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, జూన్ వానలకు ముందే రెండు మూడంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద తడి వస్తోందేమో చూడాలి. తర్వాత పాత ఇనుప (జీఐ) పైపులు మార్చి, ప్రతి పోర్షన్‌కూ షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించాలి. బాత్రూములు ఒకేసారి తవ్వకండి. పై అంతస్తు నుంచి కిందికి, నిలువు వరసలో ఒక్కో లైను చేస్తూ వస్తే, మిగతా కుటుంబాలు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన పనుండదు.