జక్కయ్య సగమే ఇచ్చిండు

కాజీపేటలో మా పక్కింటి దంపతులు ఆదివారం చర్చి నుంచి వస్తే మేం టీవీ బంద్ చేస్తాం. వాళ్లను వినడమే బాగుంటుంది. ఆ వారం రోహిణి కార్తె. ప్రసంగం మత్తయి 19వ అధ్యాయం, నిత్యజీవం అడగవచ్చి ఆస్తి వదలలేక తిరిగిపోయిన పడుచువాడి సంగతి.

ఆమె: ఏమయ్యా, ఇచ్చేసినవా?

ఆయన: (గతుక్కుమని) నీకెవరు చెప్పిండ్రు?

ఆమె: ఒకరు చెప్పాల్నా? నాకు కండ్లు లేవా?

ఆయన: ఇచ్చిన. పాస్టర్ గారు అంతగనం చెప్తుంటే చెయ్యి ఆగలే. ఇప్పుడు మనసు చల్లగుంది.

ఆమె: మనసు సరే, ఒళ్లు ఎట్ల చల్లగుండాలె? రోళ్లు పగిలే ఎండల్నే గుర్తొచ్చిందా పరలోకం? చలికాలం ఇయ్యరాదు?

ఆయన: దానానికి కాలముంటదానే? భూమ్మీద దాచుకుంటే చిమ్మెట తింటది, తుప్పు తింటది అన్నడు ప్రభువు.

ఆమె: తుప్పు అడుగున ఒక్కటే పట్టింది. పెయింట్ కొడితే పోయేది.

ఆయన: పెయింటా?

ఆమె: బైబిల్ల ఆ పొట్టి జక్కయ్య బీదలకు ఆస్తిల సగమే ఇచ్చిండు. ఆయనింటికి రక్షణ రాలేదా? నువ్వు ఆయనకన్నా పొడుగైనవా?

ఆయన: సగమెట్ల ఇస్తనే, చింపియ్యాల్నా?

ఆమె: పైగా ఆ పడుచువాడితోని ప్రభువు నీకు కలిగినవి అమ్మి బీదలకియ్యమన్నడు. అది మా తమ్ముడు కొనిచ్చింది. నాకు కలిగింది!

ఆయన: నా పెన్షన్ల 500 నోటు మీ తమ్ముడు కొనిచ్చుడేంది?

(ఇక్కడ మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.)

ఆమె: ఏ నోటు?

ఆయన: ఏ తుప్పు?

ఆమె: నేనడిగేది కూలర్!

ఆయన: అదా! పంపు నీళ్లు ఎక్కిస్తలేదని పొద్దుగాల్నే రిపేర్‌కిచ్చిన. రాత్రంతా నువ్వు అటు ఇటు దొర్లుతనే ఉంటివి. సాయంత్రానికి తెస్త.

ఆమె: (కాస్త తగ్గి) ముందే చెప్తే ఏం పాయె... ఆగు. కానుకకు ఎప్పుడూ 50 గదా వేసేది?

ఆయన: జేబుల చెయ్యి పెడితే అదే వచ్చింది.

ఆమె: ఇందాక చెయ్యి ఆగలేదంటివి! ఆ పడుచువాడే నయం, మొఖం ముడుచుకొని తెలిసే పోయిండు. నువ్వు పొరపాటున పరలోకం చేరేటట్టున్నవు.

ఆయన: నిన్ను ఇడిసిపెట్టి పోతనా?

ఆమె: అక్కడ కూడా నీకు వండుడు నాతోని కాదు. దా, ముందు బువ్వ తిను. ఆ 450 సంగతి తర్వాత చెప్త.