ముడిసరుకు మాది, మైకు వాడిది

ఇంటికి తాళం వేశాక దాన్ని మూడుసార్లు లాగి చూడటం నా అలవాటు. ఒకటోసారి తాళం కోసం, రెండోసారి నా కోసం, మూడోసారి మా నాన్నగారి కోసం. ఆయనా మూడుసార్లే లాగేవారు. ఊరెళ్లేటప్పుడైతే తాళాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని మరీ రైలెక్కుతాను. తెనాలి దాటాక ఓసారి, మిర్యాలగూడ దగ్గర ఓసారి ఆ ఫోటో చూసుకుంటే గానీ పులిహోర గొంతు దిగదు.

ఇది ముప్ఫై ఏళ్ల సాధన. మా మేనల్లుడు దీన్ని హైదరాబాద్‌లో ఏడు నిమిషాల్లో అమ్మేశాడు.

వాడు వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం రాత్రి స్టాండప్ కామెడీ. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్లి నా తాళాన్ని నేనే చూసొచ్చాను. పక్క కుర్చీలో కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ, "మా మావయ్యా అచ్చం ఇంతే అంకుల్" అన్నాడు. అందరూ నవ్వినందుకు నాకేం బాధ లేదు. నాలాంటివాడు ఇంకొకడున్నాడనేసరికి మనసు చివుక్కుమంది.

న్యాయం కోసం చట్టం తిరగేశాను. మన కాపీరైట్ చట్టానికి 1994లో సవరణ చేసి ప్రదర్శకులకు హక్కులిచ్చారు. ప్రదర్శకులంటే ఎవరో కూడా వివరంగా రాశారు: నటుడు, గాయకుడు, గారడీవాడు, చివరికి పాములాడించేవాడు. 2012లో ఇంకో సవరణ తెచ్చి పాటల రచయితలకు రాయల్టీలో వాటా గట్టిపరిచారు. పాములవాడు గుర్తొచ్చిన పార్లమెంటుకు మేనమామ గుర్తుకు రాలేదు. వీధి వీధంతా చూస్తుండగా తాళం లాగడం ప్రదర్శన కాకపోతే మరేమిటి?

కోర్టుకెళ్దామా అంటే అమెరికా అనుభవం భయపెడుతోంది. సుండా క్రూన్‌క్విస్ట్ అనే కమెడియన్ మీద 2009లో సొంత అత్తగారే న్యూజెర్సీలో పరువునష్టం దావా వేశారు. కోడలి తరఫున వాదించింది ఎవరనుకున్నారు, కొడుకు పనిచేసే లా ఫర్మే! 2010లో కేసు కొట్టేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పండగ భోజనాలు ఎలా జరిగాయో ఏ తీర్పులోనూ రాయరు.

మా ఇంట్లో సమస్య వేరే. సంక్రాంతికి వాడు ఫోన్లో నోట్స్ తెరిచి అరుగు మీద కూర్చోగానే ఇంటిల్లిపాదికీ పూనకం వచ్చింది. మా పెద్దక్క ఏ మాటన్నా చివర్లో నాలుగు సెకన్లు ఆగుతోంది. నవ్వులకు చోటు వదలాలట. బావగారు వేసుకున్న చెప్పులే వెతుక్కుంటూ వాడి ముందు నుంచి మూడుసార్లు నడిచారు. ఇక మా ఆవిడ, ఖాళీ కవర్లు దాచిన కవర్ మీద స్కెచ్ పెన్నుతో 'ఖాళీ కవర్లు' అని రాసి మరీ వాడికి కనపడేలా తగిలించింది. వాడు ఒక్క ముక్క రాసుకోలేదు. "అత్తా, నువ్వు కావాలని చేస్తున్నావ్" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ వాడికి ఆవకాయ పంపడం లేదు.

నేను మాత్రం హుందాగా ఊరుకున్నాను, పోయిన నెల దాకా. కొత్త వీడియోలో తాళం అలాగే ఉంది, మూడు లాగుళ్లూ ఉన్నాయి, మిర్యాలగూడా ఉంది. మనిషే మారాడు. "మా పెదనాన్న" అంటున్నాడు! వాడి పెదనాన్న గొళ్లెం కూడా సరిగా పెట్టని మనిషి. ఆయనింట్లోకి కుక్కలొచ్చి టీవీ చూసి పోతాయి.

ఫోన్ చేసి నిలదీశాను. "పెదనాన్న అంటే పంచ్ బాగా పడుతోంది మావయ్యా" అన్నాడు.

రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపుదామని నిన్న బయల్దేరాను. సందు చివరిదాకా వెళ్లాక తాళం మీద అనుమానం వచ్చి వెనక్కొచ్చాను. మూడుసార్లు లాగాను. ఎదురింటి కుర్రాడు ఫోన్ పట్టుకుని నావైపే చూస్తున్నాడు. కాస్త పక్కకు జరిగి, మొహం కనపడేలా తిరిగి, నాలుగోసారి లాగాను.