పొద్దుటి గొంతును ఎంచుకునే తీరు ఇదేనా?

జాతీయ రేడియోలో ఉదయం షోకి కొత్త వ్యాఖ్యాత కావాలనగానే ముందు ఎవరికెంతమంది ఫాలోవర్లున్నారో చూస్తారు. ఒళ్లు మండిపోతుంది! ఆడిషనేమో మధ్యాహ్నం పూట, తీరిగ్గా రికార్డింగులో. తడబాట్లన్నీ ఎడిటింగులో కోసేశాక ఇక తేలేదేముంది?

అసలు పరీక్ష 7:59:30 దగ్గర. వార్తలకింకా 30 సెకన్లు. హెడ్‌ఫోన్లో ప్రొడ్యూసర్ వెనక్కి లెక్కపెడుతుంటారు, ఫోన్లో అతిథి మాట ఆపరు. ఆయన్ని నొప్పించకుండా ఆపి, టైము చెప్పి, సరిగ్గా సున్నా దగ్గర ముగించాలి. 2 సెకన్లు దాటితే వార్తల సంగీతం మాట మీద పడుతుంది. 5 సెకన్లు ముందే ఆపితే నిశ్శబ్దం, వినేవాళ్లు స్టేషన్ పోయిందనుకుంటారు.

అభ్యర్థిని తెల్లవారుజామున 4 గంటలకు లేపి, 6 నుంచి 9 దాకా, ప్రసారం చేయకుండా వారం రోజులు పైలట్, అంటే నమూనా షో, చేయించండి! మూడో రోజుకి గొంతు బొంగురుపోతోందా? టైము చెప్పడం మరిచిపోతున్నారా? పళ్లు తోముకుంటూ వినేవాళ్లకు రేడియోనే గడియారం. మధ్యలో ఒక ప్రమాద వార్త చేతికివ్వండి. నవ్వుతున్న గొంతు ఒక్క ఊపిరిలో దిగుతుందా లేదా, అక్కడ వినండి.