ఒక ముక్క మిగిలింది

బండి విప్పడం ఎవడైనా విప్పుతాడు, మళ్ళీ బిగించాక పళ్ళెంలో ఏమీ మిగలకపోతేనే వాణ్ణి మెకానిక్ అంటారు. నాకు మిగిలింది. ఒక్కటే. చిటికెన వేలంత ఇనుప ముక్క, ఒక కొసన చిల్లు, రెండో కొస వంపు తిరిగి ఏళ్ళ తరబడి దేనికో రాసుకుని రాసుకుని అద్దంలా నున్నగా అయిపోయింది. చూస్తేనే తెలిసిపోతోంది, ఇది ఊరికే పడున్న ముక్క కాదు, లోపల ఎక్కడో ఉద్యోగం చేస్తున్న ముక్క అని.

బండి మా నాన్నది. 1979 యెజ్డీ, మైసూరు ఐడియల్ జావా వాళ్ళ తయారీ, ఒకటే సిలిండర్‌కి అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు. ఆయన పదిహేను రోజులని గుంటూరులో అక్క వాళ్ళింటికి వెళ్తూ తాళంచెవి కూడా జేబులో వేసుకుని వెళ్ళారు, కానీ ఆ కాలం జావా యెజ్డీల తాళం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, అది తాళంచెవి కాదు మేకు, ఒకరిది ఇంకొకరి బండికి పడుతుంది. సో నేను నడిపాను, మూడో రోజు క్లచ్ కేబుల్ తెగింది. కేబుల్ మార్చడానికి పక్క కవరు విప్పి అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు, ఎలాగూ చేతులు మురికయ్యాయి కదా అని లోపల ఇంకో నాలుగు విప్పాను. ఫొటోలు తీసుకుంటూ విప్పాలన్న జ్ఞానం బిగించేటప్పుడు వచ్చింది.

ఇప్పుడు ఈ ముక్క ఏంటో చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆయన్ని మాత్రం అడగకూడదు.

మా బావకి బుల్లెట్ ఉంది, కాబట్టి అన్నీ తెలుసు. ముక్కని ఇలా చేతిలోకి తీసుకున్నాడో లేదో "డీకంప్రెసర్‌ది రా ఇది" అన్నాడు. డీకంప్రెసర్ అంటే బుల్లెట్‌లో కిక్ తేలిగ్గా పడటానికి ఎగ్జాస్ట్ వాల్వు కాస్త ఎత్తిపెట్టే ఏర్పాటు. "బావా, యెజ్డీ టూ స్ట్రోకు, దానికి అసలు వాల్వులే ఉండవు కదా" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అందుకేరా బయటకొచ్చేసింది" అన్నాడు.

ఆటోనగర్ పట్టుకెళ్ళాను. పాత జావాలు చూసే భాయ్ ఊళ్ళో లేడంట, షాపులో ఇరవయ్యేళ్ళ కుర్రాడున్నాడు. వాడు ముందు బండి కిక్ ఏది అన్నాడు, చూపించా, గేరు ఏది అన్నాడు, అదే రాడ్డు మళ్ళీ చూపించా, నేను వెటకారం చేస్తున్నా అనుకున్నాడు. నిజంగానే ఒకటే రాడ్డురా బాబూ, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, మళ్ళీ కిందకి తిప్పితే గేరు అని చేసి చూపిస్తే, మిగతా నట్టులూ బోల్టులూ మానేసి ఆ రాడ్డునే పావుగంట తిప్పుకుంటూ కూర్చున్నాడు. చివరికి "అన్నా, ఇది లేకుండా కూడా నడుస్తోందిగా, ఇంక దేనికి?" అన్నాడు. బయట పాత ఇనుము కొట్టువాడు అరచేతిలో ఎగరేసి చూసి రూపాయి ఇస్తానన్నాడు, అందరికంటే నిజాయితీగా మాట్లాడింది వాడే.

కుర్రాడి మాట నాకు నచ్చేసింది. బండి నిజంగానే బ్రహ్మాండంగా నడుస్తోంది, పటమట మొత్తం నాలుగు రౌండ్లు కొట్టినా ఒక్క చప్పుడు తేడా లేదు. మనిషికి అపెండిక్స్ ఉన్నట్టు బండికి ఇదొకటి, అంతే అనుకుని అమ్మకిచ్చి ఎక్కడైనా దాచమన్నాను.

నాన్న వచ్చారు. కాళ్ళు కడుక్కోకుండానే బండి దగ్గరికి వెళ్ళారు. పెరట్లో అమ్మ అప్పుడే నులక మంచం మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది, ఇంకా తడారలేదు. ఒక్క కిక్‌కి స్టార్ట్ అయింది, నాన్న నా వైపు కాస్త గర్వంగా చూశారు, రాడ్డు గేరులోకి తిప్పారు, ఎడం చెయ్యి క్లచ్ మీద కాదు, కళ్ళజోడు సర్దుకుంటోంది, అలాగే కాలితో గేరు నొక్కారు.

బండి కోడెదూడలా ఎగిరి ముందు చక్రం మంచం మీద పెట్టి ఆగింది.

అప్పుడు వెలిగింది నాకు. ఆ బండ్లలో గేరు రాడ్డు నొక్కితే క్లచ్ దానంతట అదే విడిపోతుంది, చేత్తో పట్టే పని లేదు, నాన్న నలభై ఏళ్ళ పైగా పట్టలేదు కూడా. గేరు నుంచి క్లచ్‌కి ఆ కబురు మోసే ముక్కే నా పళ్ళెంలో మిగిలింది. నేను నేర్చుకున్నది వేరే బండి మీద, ప్రతి గేరుకీ బుద్ధిగా క్లచ్ పట్టేవాణ్ణి, కాబట్టి నాకు వందేళ్ళు నడిపినా తెలిసేది కాదు.

నాన్నకి దెబ్బేం తగల్లేదు, చొక్కా మీద ఏడెనిమిది వడియాలు పడ్డాయంతే. బండి దిగలేదు, తల తిప్పలేదు, చెయ్యి మాత్రం వెనక్కి చాపి, "ఏదీ అది?" అన్నారు.

ఏంటండీ అని అమ్మ అడగలేదు, నేను కూడా. అమ్మ లోపలికెళ్ళి పోపుల పెట్టె పట్టుకొచ్చింది, మెంతుల గిన్నె కింద నుంచి ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంగువేంట్రా ఇది?" అన్నారు.