చిన్న పెళ్లిలో దూరిన పెద్ద పట్టికకు ఒక మేనమామ లేఖ

మహారాజశ్రీ ‘అర్థవంతమైన కార్యక్రమాల పట్టిక’ గారి దివ్యసముఖమునకు,

పెళ్లికూతురి మేనమామ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా మేనకోడలు ఈ వైశాఖంలో అన్నవరం రత్నగిరి మీద, రెండు వైపులా కలిపి ఇరవై మందికి మించకుండా పెళ్లి చేసుకుంటానన్నప్పుడు మా ఇంట్లో మొదట సంతోషించినవాణ్ణి నేనే. వెయ్యి విస్తళ్లు లేచే పెళ్లిలో జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు బంధువులకు కనిపించేవి ఫోటోగ్రాఫర్ల వీపులే. వెనక వరుసలవారు విసిరిన అక్షింతలు ముందు వరుసవారి నెత్తిన పడతాయి. ఇరవై మందే అయితే ఒక్కొక్కరం పీటల దాకా వెళ్లి, పిల్లల తల మీద చేయి ఉంచి దీవించవచ్చునని ఆశపడ్డాను. అతిథులు ఖాళీ చేసిన ఆ జాగాలోకి తమరు వేంచేశారు.

ఈవెంట్ సంస్థవారు పంపగా తమరి నిండు స్వరూపాన్ని ఫోనులో దర్శించుకున్నాను. తెల్లవారి ఆరింటికి ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల పఠనం, ఏడుంబావుకు రెండు రంగుల ఇసుకను ఒకే సీసాలో కలపడం, ఆపైన మొక్క నాటడం, నాటిన మొక్కను చూసి భావోద్వేగం చెందడం (దానికి ఐదు నిమిషాలు). సుముహూర్తానికి మాత్రం ‘సంప్రదాయ ఘట్టం, 12 నిమిషాలు’ అని దయచేశారు. సప్తపది ఆచరించే పెళ్లిలో ఏడో అడుగుతోనే వివాహం పూర్తవుతుందని 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. ఆ ఏడడుగులూ డ్రోన్ బ్యాటరీ అయిపోయేలోగా ముగియాలన్న తమరి షరతు ఏ సెక్షన్ కిందికి వస్తుందో మా పురోహితులవారికి అంతుచిక్కలేదు.

‘జంట పరస్పరం తెలుసుకునే ఆట’ అని తమరు రుసుముతో ప్రతిపాదించారు. బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేతా తీయించేది, గుమ్మంలో ఆడపడుచు అడ్డం నిలిచి పేర్లు చెప్పేదాకా లోపలికి రానివ్వనిది మరి ఏ ఆట? అవి ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి, వెక్కిరించి, పక్షం వహించి ఆడించవలసినవి. రిసెప్షన్ వరుస గంటలకొద్దీ సాగే పెద్ద పెళ్లిలో వాటికి తీరికా ఉండదు, చుట్టూ మూగడానికి చోటూ ఉండదు. తీరికా చోటూ రెండూ దొరికిన పెళ్లిలోనే తమరు ఇసుక పోశారు.

అరుంధతీ దర్శనానికి ఉదయం పదకొండూ నలభై అని రాశారు. మండపం పైకప్పు కేసి వేలు చూపించి కానిచ్చేయడం అలవాటైపోయింది కనుక తమరినొక్కరినే అనను. కానీ వైశాఖ మాసంలో రాత్రి తొమ్మిది గంటలకు సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటుంది. దాని తోకలోని మూడు చుక్కల్లో నడిమిది వసిష్ఠుడు, అతణ్ణి అంటిపెట్టుకుని సన్నగా కనిపించేది అరుంధతి. కొండ మీద దీపాలకు కాస్త ఎడంగా నిలబడితే చాలు, వియ్యపురాళ్లిద్దరూ కనిపించిందనీ కనిపించలేదనీ వాదులాడుకుంటూ అరగంట గడిపేస్తారు. ఆ తొమ్మిది గంటలకే తమరు అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించి నిశ్శబ్ద నృత్యం పెట్టారు.

ఇంతకన్నా చిన్నగా చేసుకోదలచినవారు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని ఆశ్రయిస్తారు. ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, సంతకాలు. ఆ నోటీసు బోర్డు ముందు జంట ఫోటోకు తమరు వేళ కేటాయించే రోజు ఎంతో దూరం లేదు.

ఇక స్వవిషయం. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావడం మేనమామల హక్కు. దాన్ని కొట్టేసి ‘పూల చాందినీ కింద వధువు నెమ్మది నడక’ అని రాశారు. నా నడుము నొప్పి తెలిసి కరుణించారేమో అనుకుందునే గాని, ఆ కింది వరుసలోనే ‘మేనమామల డాన్స్, 4 నిమిషాలు’ అని ఉంది.

కావున పిల్ల సమ్మతితో తమరిని చాలా మేరకు కత్తిరించామని తెలియజేయడమైనది. ఉత్తరాల పఠనాన్ని ఉంచాము. అల్లుడు నిజంగానే నాలుగు పేజీలు రాసుకొచ్చాడు, వద్దంటే నొచ్చుకుంటాడు. ఇసుక సీసాలు సత్రం గదిలో భద్రంగా ఉన్నవి, తమరి మనుషులు వచ్చి తీసుకువెళ్లగలరు. మేము దిగి వెళ్లాక కొండ మీద నీళ్లు పోసేదెవరో తమరు ఎక్కడా రాయనందున, మొక్కను కూడా.

ఇట్లు,
విధేయుడు,
బుట్ట సిద్ధం చేసుకున్న మేనమామ