తీసి పారేసిన థర్మోస్టాట్ వాల్వ్ గారికి

మహారాజశ్రీ థర్మోస్టాట్ వాల్వ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. మీరేమో షెడ్డులో గ్రీజు డబ్బా వెనక, తుప్పు పట్టిన నట్ల మధ్య పడి ఉన్నారు. నా 1998 మోడల్ మారుతి 800 ఏమో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కింది. నేరం మీ మీద పడింది. విచారణ లేదు, సాక్ష్యం లేదు. "వాల్వ్ పీకేద్దాం సార్, మన ఎండలకి ఇదెందుకు? చలి దేశాల వాళ్ల కోసం పెట్టింది" అని మా ఊరి మెకానిక్ తీర్పు చెప్పేశాడు. రెండు బోల్టులు విప్పి, మిమ్మల్ని బయటికి లాగి, ఖాళీ హౌసింగ్ మళ్లీ బిగించేశాడు. పనిలో పనిగా టీ కూడా తాగాడు.

మన దగ్గర పాత కారు హీటెక్కితే ముందు మీ తల ఎగిరిపోతుందని మీకు తెలియంది కాదు. కారణం మీరా, కాదా అన్నది తర్వాతి సంగతి. తీయడానికి మీరు సులువు, అంతే. ఇంజిన్ వేడినీళ్లను చల్లార్చే రేడియేటర్ దించాలంటే హోస్ పైపులు ఊడదీయాలి, ఫ్యాన్ విప్పాలి, సాయంత్రమైపోతుంది. ఆఫీసుల్లో గొడవైనప్పుడు బదిలీ వేటు ఎవరి మీద పడుతుందో చూస్తూనే ఉన్నాం కదా.

ఇంతకీ మీ ఉద్యోగం ఏమిటో ఆ షెడ్డులో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. మీ పొట్టలో మైనం ఉంటుంది. 82 డిగ్రీల దగ్గర అది కరిగి ఉబ్బి పిన్నును నెడుతుంది, ఇత్తడి మూత తెరుచుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ అనే ఇంజనీరు కనిపెట్టిన ఈ కిటుకు ఇప్పటికీ కార్లలో నడుస్తోంది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్ గడప తొక్కనివ్వరు, వేడెక్కాక ఆపరు. ఇంత డ్యూటీ చేసే వాళ్లని సెలవు చీటీ కూడా రాసుకోనివ్వకుండా ఇంటికి పంపేశారు.

మీలో అందరూ బుద్ధిమంతులని నేను అనను. మూసుకున్న మూత తెరవకుండా బిగుసుకుపోయి ఇంజిన్ల కొంపలు ముంచినవాళ్లు మీ వంశంలో ఉన్నారు. అయితే ఆ సంగతి తేల్చడానికి అరగంట చాలు. మిమ్మల్ని షెడ్డు నుంచి అడిగి తెచ్చుకుని, రుద్ది కడిగి, దారం కట్టి టీ గిన్నెలో నీళ్లలోకి వేలాడదీశాను. "ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు" అంది మా ఆవిడ, గుమ్మంలో నిలబడి చూస్తూనే. గిన్నె అడుగున చిన్న బుడగలు లేస్తున్నాయి, మీరు ఉలకలేదు. నీళ్లు మరగడానికి ఇంకాస్త ఉందనగా మీ మూత అంచు వెంట్రుకవాసి కదిలింది. తర్వాత నిదానంగా, ఎవరూ తొందరపెట్టనట్టు, పెన్సిల్ దూరేంత తెరుచుకుంది. చన్నీళ్లలో వేయగానే మళ్లీ మూసుకుంది. మీరు నిర్దోషి అని మా వంటిల్లే తేల్చింది.

మీరు లేని చలికాలం గురించి కూడా రాయాలి. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు లేచేది కాదు. చల్లని ఇంజిన్ పెట్రోల్ పీపాలు పీపాలు తాగింది. ఆయిల్ మూత లోపల వెన్నలాంటి జిగురు పేరుకుంది. ఇంజిన్ తల కింది సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయేమోనని ఒక పూట టెన్షన్ పడ్డాను గానీ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగానే ఉంది. ఇంజిన్ సరిగా వేడెక్కకపోతే లోపలి తేమ ఆవిరైపోక మూతకి అలా పట్టుకుంటుంది. ఇది చెబితే మెకానిక్ మొహం వెలిగిపోయింది. "ముల్లు కిందే ఉందిగా సార్, ఇంకేం కావాలి?"

మార్చి దాటింది. ముల్లు మళ్లీ ఎక్కింది. ఈసారి పీకడానికి మీరు లేరు కాబట్టి చూపు ఫ్యాన్ మీద పడింది. "స్విచ్ తీసేసి ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేసేద్దాం" అన్నాడు. గమనించారా, అక్కడ వైద్యమంటే ఏదో ఒకటి తీసేయడమే. ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే మీద గాలి తగలగానే దిగితే ఫ్యాన్‌ని అనుమానించాలి. నా కారు చిలకలూరిపేట దాటి 80లో పోతున్నా ఎక్కుతోంది. గాలికి కొరత లేదు, నీళ్లకే దారి లేదన్నమాట. బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, కాసేపు ఆగి రేడియేటర్ ముందు వైపు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. పైన సెగ, నడుమ రెండు చోట్ల చల్లగా ఉంది. ఆ ట్యూబుల్లోకి వేడినీళ్లు పోవడమే లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే ఒక పెద్దాయన గ్యాస్ మంటతో టంకం కరిగించి పై ట్యాంకు లేపాడు. లోపల ట్యూబుల నోళ్ల నిండా సున్నం, తుప్పు కలిసిన గట్టి పొర. "బోరు నీళ్లేనా?" అని ఒక్కటే అడిగాడు. సన్నటి ఇనుప బద్ద ఒక్కో ట్యూబులో దూర్చి, లాగి, నీళ్లు కొట్టి, మళ్లీ దూర్చి రాడింగ్ చేశాడు. పాత రాగి-ఇత్తడి రేడియేటర్ కాబట్టి అది కుదిరింది. ప్లాస్టిక్ ట్యాంకులది అయితే మార్చుకోవడమే.

రేడియేటర్ నీళ్లలో కలిపే, వాటిని గడ్డకట్టనివ్వని కూలెంట్ పోయమన్నప్పుడల్లా "మనకేమైనా మంచు పడుతుందా" అని నవ్వే బ్యాచ్‌కి మీరైనా చెప్పండి, అందులో తుప్పును ఆపే మందు ఉంటుందని. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపితే మూత ఒత్తిడి లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు కూడా. పైన 0.9 అని ఒత్తిడి అంకె రాసున్న రేడియేటర్ మూత ఆ ఒత్తిడి పట్టి గట్టిగా పనిచేస్తే ఒట్టి నీళ్లే 118 దాకా ఆగుతాయి. నా మూత రబ్బరు చీలి ఎన్నాళ్లయిందో దేవుడికెరుక. దాన్నీ మార్చాను.

డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు గారి గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది. నీళ్లు బాగా కారిపోతే సెన్సర్ గాలిలో తేలుతుంది, ముల్లు చటుక్కున పడిపోతుంది. డ్రైవర్ హమ్మయ్య అనుకుంటాడు, అక్కడ అల్యూమినియం హెడ్ వంగడం మొదలవుతుంది. ఆ తర్వాత లేత్ దగ్గర దాన్ని చదును చేసే ఫేసింగ్, కొత్త గ్యాస్కెట్, బిల్లు. ఆ పాపం కూడా అలవాటు కొద్దీ మీ ఖాతాలోనే రాసేవాళ్లు.

మొత్తానికి మిమ్మల్ని సగౌరవంగా తిరిగి కూర్చోబెట్టాను. కొత్త గ్యాస్కెట్ వేసి, గాలి పోయే చిన్న పిన్ను పై వైపు ఉండేలా బిగించాను. చల్లటి ఇంజిన్ మీదే రేడియేటర్ మూత తీసి, హీటర్ పూర్తిగా తెరిచి, స్టార్ట్ చేసి వదిలాను. పై హోస్ పైపు ఉన్నట్టుండి వెచ్చబడింది. మీరు డ్యూటీలో చేరారని అర్థమై, తగ్గిన మేరకు కూలెంట్ పోసి మూత బిగించాను. మే నెలలో మళ్లీ అదే ఘాట్ ఎక్కాం, ముల్లు సగం దాటలేదు.

ఇట్లు,
మీ బండి యజమాని

తా.క.: నిన్న షెడ్డు ముందు ఆగితే మా మెకానిక్ బానెట్ మీద చెయ్యి వేసి చూసి, పక్కన స్కూటర్ తెచ్చినాయనకి గర్వంగా చెబుతున్నాడు: "చూశారా, ఆ వాల్వ్ పీకేసిన దగ్గర్నుంచి బండి ఎంత చల్లగా ఉందో!"