మడి కట్టుకున్న ఫిప్స్ మోడ్ గారికి

గుంటూరు,
మిర్చి సీజను.

శ్రీయుత ఫిప్స్ మోడ్ గారికి,

ఉత్తరాన్ని ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. మీ విషయంలో అది కుదరదు. ప్రయోగశాల ధ్రువీకరించిన క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారానికి తాళం వేసే లెక్కలు, తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని విండోస్ ప్రోగ్రాములకు చెప్పే మీట మీరు. మీరు ఆన్‌లో ఉంటే మేము కుశలంగా ఉండము. మేము కుశలంగా ఉన్నామంటే మీరు ఆఫ్‌లో ఉన్నట్టు.

మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. మా సరుకు కొనే విదేశీయులు ఇదివరకు రంగు, ఘాటు, తేమ చూసి ఊరుకునేవారు. ఈమధ్య మీ గురించి కూడా ఆరా తీస్తున్నారు. వాళ్లు పంపిన ప్రశ్నపత్రంలో ‘ఫిప్స్ మోడ్ ఆన్ చేశారా?’ అని ఒక గడి ఉంది. అమెరికా ఫెడరల్ కార్యాలయాల కోసం పుట్టిన నియమానికి గుంటూరు కారంతో ఏం సంబంధమని నేను అడగబోయాను. “టిక్కు పెడితే మన సొమ్మేం పోయింది, పెట్టండి” అన్నారు యజమాని గారు.

పెట్టాం, మిమ్మల్ని ఆన్ చేశాం. విండోస్ లోకల్ సెక్యూరిటీ పాలసీలో, సెక్యూరిటీ ఆప్షన్స్ కింద, ‘సిస్టమ్ క్రిప్టోగ్రఫీ’ అంటూ మొదలై ఒక పట్టాన ముగియని వరుస మీ చిరునామా. రిజిస్ట్రీ తెరిస్తే ఆ వైభవమంతా ఒక్క అంకె. 0 ఉంటే మామూలు మనిషి, 1 ఉంటే పీఠాధిపతి.

మర్నాడు పొద్దున తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) కాటా అయి లారీకెక్కాయి. చెన్నై రేవుకు వెళ్లాల్సిన లారీ. బిల్లు తీయబోతే తెర మీద ఎర్ర గుర్తు, పక్కన ఒక వాక్యం: ఇది విండోస్‌లో ఫిప్స్ ధ్రువీకరణ పొందిన అల్గారిథమ్‌లలో భాగం కాదు. బిల్లుల గుమస్తా దాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. డ్రైవరు కిటికీలోంచి తొంగి చూసి, “ఎంతసేపు సార్?” అన్నాడు. “దీనికి సర్టిఫికెట్ లేదట” అన్నాడు గుమస్తా. డ్రైవరు తన లైసెన్సు తీసి చూపించాడు, పాపం.

ఇంతకీ మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన పాపం ఏమిటి? బిల్లును ఎవరూ దిద్దలేదని సరిచూసుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టడం. అది మీ ఆమోదిత జాబితాలో ఉన్నదే. ఎవరు కట్టినా అవే 256 బిట్లు రావాలి, వస్తాయి. కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కు పునాది అయిన పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ఆ లెక్కను తన సొంత కోడుతో కడుతుంది, ఆ కోడుకు మీ ప్రయోగశాల కాగితం లేదు. నీళ్లు అవే, బావి అదే, చెంబు మాత్రం మీవాళ్లు తోమింది కాదు. అందుకని మైల. అలాంటిదే అయిన పాత లెక్క ఎండీ5ను ముట్టుకోనంటే అర్థం చేసుకుంటాను, 2004లోనే దాని గుట్టు రట్టయింది. ఎస్‌హెచ్‌ఏ-256ను కూడా గడప బయట నిలబెట్టడం ఏ శాస్త్రమండీ?

పోనీ, మీ వంటింట్లోకి వెళ్లినవన్నీ పవిత్రమేనా? డ్యుయల్ ఈసీ అనే యాదృచ్ఛిక సంఖ్యల యంత్రాన్ని 2006లో పీట వేసి కూర్చోబెట్టారు. దానికి దొడ్డిదారి ఉండవచ్చని 2007లోనే నిపుణులు చెప్పారు. 2013లో అమెరికా నిఘా సంస్థ గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు బయటపడ్డాక గానీ మీ పుట్టింటివారైన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చలనం రాలేదు. 2014లో తొలగిస్తున్నామన్నారు. అన్నాళ్లూ దాని దగ్గర కాగితం ఉంది. మరి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌లు నమ్ముకున్న చాచా20 అనే సంకేత పద్ధతికి మీ జాబితాలో చోటే లేదు.

ధ్రువీకరణ పొందిన మాడ్యూల్‌లో లోపం బయటపడినప్పుడు మీ తీరు మరీ ముచ్చట. లోపాన్ని సరిదిద్దితే అది ధ్రువీకరించిన కోడు కాకుండా పోతుంది, కొత్త కాగితం కోసం మళ్లీ నెలల తరబడి వరుసలో నిలబడాలి. లోపం ఉన్నది శుద్ధం, సరిచేసింది అశుద్ధం.

మీ లైనక్స్ బంధువు మీకన్నా నిక్కచ్చి మనిషి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడే నన్ను ఆన్ చేయాలి, ముందు పుట్టిన సంకేత తాళాలకు (కీలకు) నేను పూచీ పడను అంటాడు. రెడ్ హ్యాట్ లైనక్స్ 10వ వెర్షన్‌కు వచ్చేసరికి, ఎక్కించాక మార్చుకునే పనిముట్టునే తీసేశారు. అందులో నిజాయితీ ఉంది. ఆడిట్ ముందురోజు రాత్రి ఆన్ చేసి, ఆడిటరు కారు మలుపు తిరగ్గానే ఆఫ్ చేసే సౌకర్యం మీ దగ్గరే దొరుకుతుంది.

ఆ రోజు లారీ కదిలిందిలెండి. గుమస్తా బిల్లు చేత్తో రాసి, కొనుగోలుదారు బ్యాంకు ఖాతా నంబరుతో సహా ఫోటో తీసి, నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇంత జరుగుతుంటే మీరు పల్లెత్తు మాట అనలేదు. మీ దృష్టిలో మా భద్రత అప్పుడు పరిపూర్ణం.

అమెరికా ప్రభుత్వ కార్యాలయాలకు మీరు చట్టం, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. మిగతావాళ్లకు మిమ్మల్ని ఇకపై సిఫారసు చేయబోమని 2014లో మైక్రోసాఫ్టే చెప్పింది. మీరు ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా విండోస్ లోపలి క్రిప్టోగ్రఫీ లైబ్రరీ ఒకటే. పైగా మీ ప్రమాణంలో పాత రూపమైన ఫిప్స్ 140-2 కాగితాలన్నీ 2026 సెప్టెంబరు 21తో చారిత్రక జాబితాలోకి వెళతాయి, ఆ రాత్రి ఒక్క బిట్ కూడా మారకపోయినా సరే.

అందుకని మిమ్మల్ని 0 దగ్గరికి దింపేశాను. గడిలో ‘లేదు’ అని పెట్టి, దాని కారణాలు, మేము నిజంగా తీసుకుంటున్న జాగ్రత్తలు కింద వివరంగా రాసి పంపాను. కొనుగోలుదారు నుంచి నిన్న జవాబు వచ్చింది. ఫారంలో వివరణలకు స్థలం లేదట, ‘అవును’ అని మార్చి పంపగలరట.

ఇట్లు,
మిర్చి కొట్లో ఒక కంప్యూటరు గుమస్తా